కవరు విప్పని బొమ్మ

"నొక్కవే గీతికా, ఛాతీ మీద నొక్కు!" హెడ్ నర్సు రత్నకుమారి అరిచింది.

నాచారం ఫ్యాక్టరీకి వెళుతూ, రత్నకుమారి మరిచిపోయిన టిఫిన్ బాక్సు ఇచ్చిపోదామని ఆసుపత్రికి వచ్చిన ఆమె భర్త వార్డులోనే కుప్పకూలాడు. ఊపిరి లేదు. డాక్టరు ఇంకా ఉప్పల్ ట్రాఫిక్‌లోనే ఉన్నాడు.

"ఏడ నొక్కాలె మేడం?" జూనియర్ నర్సు గీతిక అడిగింది.

"ట్రైనింగయింది కదే నీకు! సర్టిఫికెట్ ఉంది కదా!"

"ఏం ట్రైనింగ్ మేడం? తనిఖీ ఉన్నది, సంతకం పెట్టుమన్నరు, పెట్టిన. ఛాతీ నొక్కుడు నేర్చుకునే బొమ్మను ముట్టబోతే మాసిపోతదని మీరే తిట్టిన్రు. అది ఇంకా కవర్లనే ఉన్నది. జల్ది చెప్పున్రి మేడం, ఏడ నొక్కాలె? ఎన్నిసార్లు?"

రత్నకుమారి తనే భర్త ఛాతీ మీద చేతులు పెట్టింది. ఎడమకు జరిపింది. మళ్లీ కుడికి జరిపింది.

శిక్షణ ఇచ్చానని ఆ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టింది తనే.