డ్రమ్ము రేకు అతుకు

"కొట్టు బాలస్వామీ, ఎందుకాగావ్?" అంది ఎలీసబెతు.

ఆమె భర్త సుందర్‌రాజ్‌తో సహా సముద్రంలో పడిన స్పోర్ట్స్ కారది. మెకానిక్ బాలస్వామి సుత్తి దాని అడుగు ఫ్రేము మీదే ఆగిపోయింది. తుప్పు పెచ్చులు రాలిన చోట, ముందు చక్రాన్ని పట్టి ఉంచే అతుకు నిలువునా చీలి ఉంది.

అది తను వేసిన అతుకే. అప్పట్లో దీవికి మద్రాసు ఓడ రాక, మంచి ఇనుము దొరక్క, తుప్పు కొయ్యకుండానే దాని మీద డ్రమ్ము రేకు పెట్టి వెల్డింగ్ చేశాడు. ఓడ వచ్చాక ఆ సంగతే మరిచాడు.

"మీ బావ కావాలనే సముద్రంలోకి తోలాడంట. వండూర్ ఊరంతా అదే మాట. ఆత్మహత్యంటూ సంఘపెద్దలు సమాధుల తోటలో చోటు కూడా ఇవ్వలేదు. కల్లోకొస్తాడు గానీ నోరిప్పడు. ఛోడో, వదిలేయ్. రంగేసి అమ్మేయ్," అంది ఎలీసబెతు.

రంగేస్తే ఇక ఎవరికీ తెలియదు. బాలస్వామి రంగు డబ్బా వైపు చూశాడు. సుత్తి కింద పెట్టాడు.

"పాస్టరుగారిని పిలు దీదీ. ఆయన ఇది చూడాలి. బావ చావాలనుకోలేదు, చక్రం ఊడింది. ఈ అతుకు నాదే."

చెంపదెబ్బ కోసం తల వంచి నిలబడ్డాడు.

ఎలీసబెతు ఆ చీలికని వేలితో తడిమింది.

"అయితే నన్నొదిలి పోవాలనుకోలేదన్నమాట," అని, ఆయన పోయాక మొదటిసారి ఏడ్చింది.