ఊదితే తంతా

ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి అన్నయ్య బల్ల ముందు కూర్చున్నాడు. గదిలో ఎగిరే బుల్లి విమానానికి సన్నని పుల్లలతో రెక్క చట్రం సిద్ధమైంది. ఆ పుల్లల మీద ప్లాస్టిక్ పొర కప్పాలి. దాని ముందు ఉల్లిపొర గోనెసంచితో సమానం. పక్కవాడు నిట్టూర్చినా ముడతపడి చస్తుంది.

అందుకే చిన్నప్పటి నుంచీ నాకు ఒకటే హెచ్చరిక: "ఊదితే తంతా." నేనేమో ఒక్క రెక్కనూ ఊదకుండా వదల్లేదు. ఎన్ని తిన్నానో నా వీపుకే తెలుసు.

ఇవాళ మడతలో ఉన్న పొర రెండు వైపులూ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. వేలు పెడితే చిరుగుతుంది. అంచున మెల్లగా ఊది విడదీయాలి. ఆ ఊదే హక్కు ఎప్పుడూ అన్నయ్యదే. మూడుసార్లు ఊదాడు. ముక్కుకున్న ఆక్సిజన్ గొట్టం ఊగింది గానీ పొర కదల్లేదు.

"నువ్వు ఊదరా," అన్నాడు.

"తంతానన్నావుగా."

"తన్నే ఓపిక లేదు. ఇదే ఆఖరి రెక్క. ఊదు."

వంగి నోరు తెరిచాను. నలభై ఏళ్లు వద్దంటున్నా ఊదినవాణ్ణి, అడిగి మరీ ఊదమంటే గొంతు దాటి గాలి రాలేదు.

పొర అలాగే ఉంది.