గుమ్మంలో పాట

మ్యూజియం కొత్త హాలు గుమ్మంలో ఎవరి పాట వినిపించాలన్న దగ్గర మొగుడూ పెళ్లాలకు చెడింది.

ఆయన సముద్ర పరిశోధకుడు. పడవలో వాంతులు చేసుకుంటూ హంప్‌బ్యాక్ తిమింగలం పాట రికార్డు చేసుకొచ్చాడు. ఆవిడ పక్షుల పరిశోధకురాలు. చీకటితో లేచి, పొదల్లో దోమలకు ఒళ్లప్పగించి, నల్లంచి పిట్ట పాట పట్టుకొచ్చింది.

"తిమింగలం ముందు పిట్టేమిటోయ్! అది పాడితే నీళ్లే వణుకుతాయి. నీది గుప్పెడు ఈకలు, కాసింత కిచకిచ," అన్నాడాయన.

ఆవిడ మొహం చిన్నబోయింది. అయినా నవ్వేసింది.

"మీదే పెద్దది, ఒప్పుకున్నాను. పాటను కూడా తూకం వేసే కొంటారా?"

తగవు డైరెక్టరమ్మ దాకా వెళ్లింది. డైరెక్టరమ్మ తెలివైంది.

"ముందు మీరిద్దరూ ఒక మాట మీదకు రండి," అని తప్పుకుంది.

మర్నాడు పెళ్లామే ఆయన్ని రికార్డింగు గదిలో కూర్చోబెట్టింది.

"రెండూ వినండి. మీరేదంటే అదే. మళ్లీ మాట మార్చకూడదు."

మొదటిది మోగింది. లోతైన, సాగదీసిన మూలుగు. ఎక్కడో అట్టడుగు నుంచి ఎవరో ఎవరినో పిలుస్తున్నట్టుంది. ఆయన కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి తడిగా ఉన్నాయి.

"పాటంటే ఇదీ! ఎంత దిగులు, ఎంత ఓపిక! అంత గుండె ఉంటే గానీ ఇలాంటిది రాదు. గుమ్మంలో ఇదే."

రెండోది మోగింది. టిక్కుటిక్కు, కీచుకీచు.

"చాలు, చాలు! చెవిలో జోరీగ!" అని చేతులడ్డం పెట్టాడు. అంతలోనే కాస్త మెత్తబడ్డాడు. "పోనీలే, నిన్ను కష్టపెట్టడమెందుకు? దీన్ని మరుగుదొడ్ల వైపు వసారాలో పెట్టిద్దాం."

"మీ ఇష్టం," అంటూ ఆవిడ మొహం పక్కకు తిప్పుకుంది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందేమోనని ఆయనకు జాలేసింది.

ప్రారంభం నాడు ఆయన గుమ్మం వదిలి కదల్లేదు. వచ్చినవాళ్లనల్లా ఆపి మరీ వినిపించాడు. డైరెక్టరమ్మ కూడా కళ్లొత్తుకుంది.

"ఇంతకీ ఇంత బాగా పాడింది ఎవరండీ?"

ఆయన ఛాతీ విరుచుకుని నోరు తెరిచేలోపే, ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని మెల్లగా అంది:

"ఇది నా నల్లంచేనండీ, రికార్డు వేగం బాగా తగ్గించానంతే, వేగం పెంచిన మీ తిమింగలం, మీరు చెప్పినట్టే, మరుగుదొడ్ల దగ్గరుంది."