మూడు మెలికల ఉచ్చు

"చెట్టు బెరడు చెక్కితే గానీ ఊడిరాలేదయ్యా!" వచ్చి వారం కూడా కాని కొత్త రేంజరు తుప్పు పట్టిన ఉచ్చుతీగను బల్ల మీద పడేశాడు. "పదిహేనేళ్ల నాటిదై ఉంటుంది. ఎవడో పెట్టి మరిచిపోయాడు. నిన్నటి ఆడదుప్పి ఇందులో పడే చచ్చింది. నిండుచూలు."

ఫారెస్టు గార్డు చూడగానే పోల్చుకున్నాడు. మూడు మెలికలు, పైన ఒక తిరగముడి. ఆ కొండ మొత్తం మీద అలా ముడేసే ఇల్లు ఒక్కటే, తమది. వేటగాడైన తండ్రి కొడుకులిద్దరికీ నడకతో పాటే అదీ నేర్పాడు.

"ఎవరి పనో చెప్పగలవా?"

ఆ దుప్పిని మోసుకొచ్చిన నలుగురిలో గార్డూ ఒకడు. దాని కడుపు బరువు ఇంకా భుజం మీదే ఉంది.

"మా ఇంటి ముడే సార్."

"నీకో తమ్ముడున్నాడటగా? పిలిపించు."

తమ్ముడు పొలం నుంచి మట్టికాళ్లతోనే వచ్చాడు. రేంజరు తీగ అందించాడు. "మెలి అంతా ఎడమకి తిరిగింది. ఎడమచేతివాటం వాడి పని. నువ్వేనా?"

తమ్ముడు తీగను అటూ ఇటూ తిప్పాడు. అన్న మొహం చూశాడు. పన్నెండేళ్లుగా వేసుకుంటున్న యూనిఫాంలో గార్డు తల దించుకుని నిలబడ్డాడు.

"నేనే సార్. బుద్ధి గడ్డి తిని పెట్టాను. అన్నయ్యకేం తెలీదు."

"ఒరే..." అన్నాడు గార్డు.

"నువ్వూరుకో అన్నయ్యా. నా పిల్లల్ని చూసుకో, చాలు. రెండిళ్లూ తినేది నీ జీతమేగా."

కాగితం మీద తమ్ముడి వేలిముద్ర పడింది. జీపెక్కేటప్పుడు కూడా వాడి మొహంలో కోపం లేదు. రెండు తిట్లు తిట్టి ఉంటే గార్డుకి కాస్త తేలికయ్యేది. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని మరదలి గుమ్మం తొక్కాలి?

రేంజరు అతని భుజం తట్టాడు. "నీకీ ఉద్యోగమివ్వడం దొంగ చేతికి తాళాలివ్వడమేనని ఎవరో అంటే నేనూ నమ్మానయ్యా. నాదే తప్పు. సొంత తమ్ముడని కూడా చూడలేదు నువ్వు! ఇక్కడ సాక్షి సంతకం పెట్టు."

పెన్ను గార్డు కుడిచేతిలో పెట్టి, మోగుతున్న ఫోను తీసుకుని వరండాలోకి నడిచాడు.

గార్డు పెన్నును ఎడమచేతిలోకి మార్చుకున్నాడు.