బారసాల సీను

"మూడో నెల వచ్చేసింది. ఇంకా పాప, పాప అనేంటయ్యా? పేరు పెట్టరూ?" ఒళ్లో పిల్లని ఊపుతూ లైట్‌మ్యాన్ త్రినాథరావుని నిలదీసింది శ్యామలాదేవి. సినిమాల్లో హీరోలందరికీ ఆవిడే బామ్మ.

జూబ్లీహిల్స్‌లో షూటింగ్‌కి అద్దెకు తీసుకున్న బంగళా అది. మొగుడికి అన్నం క్యారియర్ తెచ్చిన లీలాకుమారి చేతిలోంచి పిల్లని లాక్కుని మరీ ఎత్తుకుంది ఆవిడ.

"మా అమ్మ పేరు పెట్టాలండీ, పుష్పవల్లి అని," అన్నాడు త్రినాథరావు. "గుమ్మంలోకొచ్చినోళ్లని అన్నం పెట్టకుండా పంపిన మనిషి కాదండి మా అమ్మ. నలుగురికీ విస్తరేసి పెట్టాలి ఆ పేరు. మా కృష్ణానగర్ గదిలో నాలుగో మనిషికి చోటే లేదు."

"మేమంతా లేమూ? చేయిస్తాం."

"వద్దండీ. ఒకరి చేత ఊరికే చేయించుకుంటే మా అమ్మ పేరుకే తక్కువ."

లీలాకుమారి పిల్ల బుగ్గ మీద చుక్క సరిచేసింది. ఇంట్లో రోజూ ఉండే వాదనే ఇది. మొగుడి పట్టుదల మీద ఆమెకి కోపమూ ఉంది, ముచ్చటా ఉంది.

వారం తిరక్కుండా దర్శకుడు త్రినాథరావుని పిలిచాడు.

"కథలో బారసాల సీను కలిపాం. మీ పాప వేస్తుందా?"

"పనైతే ఎందుకు వెయ్యదండీ!" అన్నాడతను గర్వంగా.

ఆ రోజు బంగళా నిండా బంతిపూలే. ఉయ్యాలకి మల్లెదండలు.

"తండ్రి వేషగాడు రాలేదు. నువ్వే కూర్చో," అన్నాడు దర్శకుడు. "తల్లిగా మీ ఆవిడ. కొత్తవాళ్ల దగ్గరైతే పిల్ల ఏడుస్తుంది."

పురోహితుడు గోత్రం అడిగి మరీ మంత్రాలు చదివాడు. పళ్లెంలో బియ్యం పరిచి, త్రినాథరావు చేతికి ఉంగరం ఇచ్చాడు.

"ఏం పేరు రాయాలండీ?" అని త్రినాథరావు దర్శకుణ్ని అడిగాడు.

"కథలో ఏదీ అనుకోలేదు. నీకు నచ్చింది రాయి," అన్నాడు దర్శకుడు.

త్రినాథరావు తటపటాయించాడు. పక్క హాల్లో వరసగా విస్తళ్లు వేస్తున్నారు. భోజనాల సీను కూడా ఆ రోజేనట. సినిమాకే కదా అనుకుని, బియ్యంలో 'పుష్పవల్లి' అని రాశాడు. రాస్తూనే దుఃఖం ఆగక కెమెరాకి వీపు పెట్టేశాడు.

దర్శకుడు 'కట్' అనలేదు. అడుగు ఫిలిం వృథా అయితే గిలగిల్లాడిపోయే నిర్మాత పట్టాభిరామయ్య కూడా, "కానీండి, తొందరేం లేదు," అన్నాడు.

శ్యామలాదేవి మూడుసార్లు చెవిలో పేరు చెప్పేసరికి పాప కెవ్వుమంది. అందరూ ఘొల్లున నవ్వారు.

భోజనాల సీనులో పులిహోర, బూరెలు, ముద్దపప్పు అన్నీ నిజమైనవే. తండ్రే వడ్డించాలన్నాడు దర్శకుడు. హీరో నుంచి వాచ్‌మన్ దాకా అందరి విస్తళ్లలోనూ త్రినాథరావు కొసరి కొసరి వడ్డించాడు. అతని మొహంలో అంత సంతోషం లీలాకుమారి పెళ్లినాడు కూడా చూడలేదు.

వెళ్లబోతూ అతను కెమెరామన్ దగ్గర ఆగాడు.

"మా పుష్పవల్లి తెర మీద ఎప్పుడు కనిపిస్తుందండీ?"

కెమెరామన్ తల వంచుకుని లెన్సు తుడవసాగాడు. పట్టాభిరామయ్య ఇంటి కప్పు కేసి చూశాడు.

"ముందు ఇంటికెళ్లి పిల్లకి దిష్టి తియ్యండి," అని కసిరింది శ్యామలాదేవి.

కెమెరాలో ఫిలిం లేదు.