పై గడియ

ఆ పెద్దావిడ ఉన్నట్టుండి హాల్లో నేల మీద బోర్లా పడుకుంది.

ఇందుజ గాభరాపడింది. "మామ్మగారూ, కళ్ళు తిరిగాయా అండీ?"

"లేదమ్మా. మీ వాడు ఎంత ఎత్తుంటాడు?"

"ఇంతుంటాడు. ఏడాదిన్నర."

"వాడికి ఇక్కణ్ణుంచి ఏం కనిపిస్తుందో చూస్తున్నా."

ఏలూరులో కాలవ ఒడ్డునున్న ఆ ఇంట్లో వీరదుర్గ తొమ్మిది మంది పిల్లల్ని పగలంతా చూసుకుంటుంది. ఇంకొక్కడికి చోటుంది. ఒక్కడికే. ఆ ఇల్లు ఎలా ఉందో చూడ్డానికే ఇందుజ వచ్చింది. వచ్చేసరికే ఈవిడ గుమ్మంలో ఉంది.

సోమవారం ఇందుజ ఉద్యోగంలో చేరాలి. చేరకపోతే అది ఇంకొకరికి వెళ్ళిపోతుంది. భర్తకి జంగారెడ్డిగూడెంలో పని. అమ్మ మంచం మీద ఉంది. చూసిన నాలుగిళ్ళలో మూడు చోట్ల ఖాళీ లేదన్నారు. నాలుగోచోట కొడుకు అభినవ్ ఏడుపు వినగానే వద్దన్నారు.

పెద్దావిడ లేచింది. ప్లగ్గులు పిల్లల చేతికి అందుతాయేమో చూసింది. బాత్రూములో నీళ్ళ బకెట్టు ఒంపేసి బోర్లించింది. పాలగ్లాసు వాసన చూసింది.

"ఇదేం తనిఖీ అండీ బాబూ! పెళ్ళిచూపుల్లో కూడా ఇంత చూడరు," అంది వీరదుర్గ.

ఇందుజ నవ్వింది. వీరదుర్గని మంచి చేసుకోవాలని కాస్త ఎక్కువే నవ్వింది.

"పిల్లలు నిద్రపోయాక మీరూ నడుం వాలుస్తారా అండీ?" పెద్దావిడ అడిగింది.

వీరదుర్గ మొహం మాడిపోయింది. "నేనూ మనిషినే కదండీ."

"ఈ వెనక తలుపుకి పైన గడియ లేదే? ఉన్నది పిల్లల చేతికి అందుతోంది. తలుపు తీస్తే కాలవ."

ఇందుజ కూడా అది చూసింది. చూడనట్టే ఊరుకుంది.

ఈవిడ ఇలా విసిగిస్తే వీరదుర్గ అసలెవరినీ చేర్చుకోనంటుందేమో. లేకపోతే ఇన్ని వంకలూ పెట్టి, ఆ ఒక్క చోటూ ఈవిడే కొట్టేస్తుందేమో.

"ఇంతకీ మీ మనవడెక్కడండీ?" అంది కటువుగా.

"నాకు మనవలు లేరమ్మా."

"మరి ఎందుకొచ్చారు?"

పెద్దావిడ ఆ కింది గడియ మరోసారి లాగి చూసింది.

"చూశారా దుర్గగారూ! పనీపాటా లేక వచ్చారు. ముందు ఆవిణ్ణి పంపించెయ్యండి. సోమవారం నుంచి మా వాణ్ణి చేర్పిస్తున్నా."

వీరదుర్గ గేటు తీసి పట్టుకుంది.

పెద్దావిడ చెప్పులు తొడుక్కుంటూ, "పై గడియ, తల్లీ," అంది.

ఇందుజ మొహం తిప్పుకుంది.

సోమవారం అభినవ్ ఆమె చున్నీ వదల్లేదు. వాడి ఒక్కో వేలూ విప్పి ఆఫీసుకి వెళ్ళింది.

మధ్యాహ్నం రెండయ్యేసరికి కంప్యూటరులో అక్షరాలు అలుక్కుపోతున్నాయి. 'నడుం వాలుస్తారా అండీ' అన్న మాటే చెవిలో తిరుగుతోంది. తలనొప్పని చెప్పి ఆటో ఎక్కింది.

వీరదుర్గ ఇంటి కిటికీలోంచి చూసింది. చాప మీద పిల్లలు. వాళ్ళ పక్కన నోరు తెరుచుకుని నిద్రపోతున్న వీరదుర్గ.

అభినవ్ లేడు.

తలుపు తోసుకుని లోపలికి పరిగెత్తింది.

వాడు వెనక తలుపు దగ్గర ఉన్నాడు. కింది గడియ తీసేశాడు. రెండు చేతులతో తలుపు లాగుతున్నాడు. అది రావడం లేదు.

పైన, ఇందుజ తల ఎత్తులో, మెరుస్తున్న కొత్త గడియ. గుమ్మం మూలల్లో ఇంకా చెక్కపొట్టు.

వెనకే లేచి వచ్చిన వీరదుర్గ గోడకి చేరబడిపోయింది. "కన్ను మూతపడిందండీ. ఐదు నిమిషాలేనండీ."

తిట్టడానికి ఇందుజకి నోరు రాలేదు. రేపు మళ్ళీ వీణ్ణి ఇక్కడికే తీసుకురావాలి.

"ఈ గడియ ఎప్పుడు పెట్టించారు?"

"నేను కాదండీ, ఆ మామ్మగారే. శనివారం వడ్రంగిని వెంటబెట్టుకొచ్చి, బిగించేదాకా గుమ్మం దిగలేదు. ఎవరింట్లో పిల్లల్ని చూసుకుంటున్నారని తెలిసినా ఇలాగే వెళ్తారట."

"ఇప్పుడెక్కడున్నారు?"

"తెలీదండీ. తాడేపల్లిగూడెంలో చూడాల్సిన ఇళ్ళున్నాయని బస్సెక్కేశారు. మళ్ళీ ఇటు రానన్నారు."

"ఈ వయసులో ఎందుకా తిరుగుడు?"

"కైకలూరు వైపు ఇలాంటి ఇంట్లోనే, ఒక బాబు వెనక తలుపు తీసుకుని చేపల చెరువులోకి వెళ్ళిపోయాడటండీ."

ఇందుజ కొడుకుని గుండెకి హత్తుకుంది. "అయ్యో! అంటే, ఆవిడ మనవడా?"

"నేనూ అలాగే అడిగానండీ." వీరదుర్గ కొత్త గడియ వైపు చూస్తూ గొంతు తగ్గించింది. "'కాదమ్మా, ఆ మధ్యాహ్నం పిల్లల పక్కన నడుం వాల్చింది నేనే' అన్నారు."