వేడినీళ్ల సీసాలు

నాలుగు నెలల పని ఒక్క ఉదయంలో పోయింది.

మరచిపోయిన ఫోన్ కోసం క్లాసు మధ్యలో తిరిగొచ్చిన నజ్లా, ప్రయోగశాల గుమ్మంలోనే నిలబడిపోయింది.

మత్తులో ఉన్న ఎలుకకు రెండు పక్కలా వేడినీళ్ల సీసాలు ఆనిస్తున్నాడు షాబాన్. ఎలుకల గది చూసుకునే ముసలాయన. ఈజిప్టులోని ఈ దమన్హూర్ ఊరికి వచ్చి ఏడాదైనా కాలేదు.

"ఏం చేస్తున్నావు బాబాయ్?"

"చల్లబడిపోతోందమ్మా. నీ నిద్రమందు వేసినవి మరీను."

"ఎన్నాళ్ల నుంచి?"

"మొదటి రోజు నుంచీ."

ఆమె కుర్చీలో కూలబడింది.

ఆపరేషన్‌లో కాసేపు రక్తం ఆగితే కిడ్నీ దెబ్బతింటుంది. రోగికిచ్చే నిద్రమందు దాన్ని కాపాడగలదా? అదే ఆమె డాక్టరేట్. అన్ని ఎలుకలకూ మామూలు మత్తు ఇస్తుంది; సగానికి దానితోపాటు ఈ మందు వేస్తుంది, సగానికి వేయదు. కిడ్నీకి రక్తం వెళ్లే నాళాన్ని నలభై నిమిషాలు బిగించి, క్లాసుకు వెళ్తుంది.

"అంత జాలైతే ఇంట్లో పిల్లిని పెంచుకో! నేను మందు పని చూడాలా, నీ సీసాల పని చూడాలా?"

"ఒక్క మాట వినమ్మా..."

"వినను. వేలు పెట్టడానికి నువ్వేమైనా డాక్టరువా?"

షాబాన్ నవ్వాడు. "కాదు తల్లీ. దేవుడు ఆ ఒక్క కష్టం తప్పించాడు."

ఆ వారమే అతన్ని ఆసుపత్రి లాండ్రీకి మార్పించింది.

పాత ఫలితాలు పక్కన పడేసి, ప్రయోగం మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి సీసాలు లేవు. మందు వేసిన ఎలుకల కిడ్నీలు చక్కగా నిలిచాయి. సంబరంగా వ్యాసం రాసి పంపింది.

పత్రిక నుంచి ప్రశ్న వచ్చింది.

"నిద్రమందు ఒంటిని చల్లబరుస్తుంది. చలి కూడా కిడ్నీని కాపాడుతుంది. రెండు గుంపుల ఒంటి వేడినీ సమానంగా ఉంచారా? లేకపోతే కాపాడింది మందేనని ఎలా అనగలరు?"

ఉంచలేదు. జవాబుకు గడువు మూడు వారాలు. ఇంకోసారి చేసే వ్యవధి లేదు.

ఏం దొరుకుతుందని వెతుకుతోందో తనకే తెలియకుండా, ఎలుకల గదిలో బీరువా తెరిచింది.

మేత సంచుల వెనక బడిపిల్లల నోటుపుస్తకం ఒకటి ఉంది. షాబాన్ చేతిరాత.

మందు వేసినవీ, వేయనివీ, ఒక్క ఎలుకనూ వదల్లేదు. ఐదు నిమిషాలకోసారి చూసిన ఒంటి వేడి. అన్నిటికీ ముప్పై ఏడు డిగ్రీలు, పిసరు అటూ ఇటూ.

పక్కన పడేసిన ఫలితాలు తీసి చూసింది. వేడి సమానంగా ఉన్నా, మందు వేసిన కిడ్నీలే తక్కువ దెబ్బతిన్నాయి.

బస్‌బూసా మిఠాయి కొనుక్కుని లాండ్రీకి పరుగెత్తింది.

"షాబాన్ బాబాయ్ ఏడీ?"

దుప్పట్లు మడతపెడుతున్న లాండ్రీ పెద్దావిడ హజ్జా నఫీసా తలెత్తలేదు.

"ఇప్పుడా రావడం? రంజాన్ మూడో రోజే పోయాడు."

నజ్లా చేతిలో పొట్లం పక్కన పెట్టింది.

"ఆయనకు... ఒంటి వేడి చూడటం ఎవరు నేర్పారు?"

"నేర్పడమేంటి డాక్టరమ్మా! ముప్పై ఏళ్లు అలెగ్జాండ్రియాలో ఆపరేషన్ థియేటర్లో మత్తు డాక్టరు పక్కన నిలబడ్డ మనిషి. పడుకున్నవాళ్లు చల్లబడకుండా చూడటమే ఆయన కొలువు. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక నీ ఎలుకల దగ్గరికొచ్చాడు. నీకు చెప్పనే లేదా?"

చెప్పబోయాడు.

వ్యాసం అచ్చయింది. నాలుగు వీధుల అవతల ఉన్న ఆయన ఇంటికి, పరామర్శకు, నజ్లా ఇంకా వెళ్లలేదు.